క్యాంపస్ స్టోర్ నడపడం, 3వ పాఠం: ఇంటర్వెల్ గిరాకీ

పోయిన పాఠంలో వారం పాటు గంట గంటకీ ఎన్ని బేరాలయ్యాయో గీతలు పెట్టమన్నాం. ఆ కాగితం ముందు పెట్టుకోండి. ఘట్‌కేసర్ వైపు ఇంజనీరింగ్ కాలేజీ అయినా, కోఠిలో డిగ్రీ కాలేజీ అయినా గీతలు గుంపుకట్టేది పొద్దున బస్సులు దిగే వేళ, ఇంటర్వెల్, లంచ్, సాయంత్రం బెల్లు. మిగతా టైమంతా ఈగలు తోలుకోవడమే. కాబట్టి కొత్తవాళ్లను పిలవడం తర్వాతి సంగతి. గుమ్మం దాకా వచ్చి, రద్దీ చూసి వెనక్కి తిరిగేవాళ్లే మీ మొదటి నష్టం.

ఇంటర్వెల్ 15 నిమిషాలైతే రానుపోను నడక పోగా చేతికి దక్కేది 10 నిమిషాలు, అంటే 600 సెకన్లు. మనిషికి నిమిషం పడితే పది మంది. 20 సెకన్లకు దించితే ముప్పై మంది. అద్దె అదే, జీతాలవే.

ఆ నిమిషం ఎటు పోతోందో చూడండి.

“అన్నా, రికార్డు ఉందా?”
“ఏ ల్యాబ్‌కి?”
“ఫిజిక్స్.”
“ఎన్ని పేజీలది?”
“తెల్వదన్నా, ఆగు, మా ఫ్రెండ్‌ని అడుగుతా.”

ఫోన్ మోగుతుంటుంది, వెనకాల ఆరుగురు నిలబడి ఉంటారు. దీనికి మందు సెమిస్టర్ మొదలయ్యే ముందే వేయాలి. ల్యాబ్ ఇన్‌ఛార్జులను కలిసి బ్రాంచీవారీగా ఏ రికార్డు, ఎన్ని పేజీలు, అబ్జర్వేషన్ బుక్కులెన్ని, గ్రాఫ్ షీట్లెన్ని అని రాయించుకోండి. ఆ ప్రకారం సెట్లు కట్టి, పైన “ఫస్టియర్ ఈసీఈ” అని, ధర ఎంతో లావు మార్కర్‌తో రాయండి. పిల్లవాడు బ్రాంచి పేరు చెప్తే చాలు. అటానమస్ కాలేజీల్లో రికార్డు మీద కాలేజీ ముద్ర ఉండాలంటారు, కనుక లిస్టు చేతికి రాకముందే బేగంబజార్ వెళ్లి కట్టలు దింపుకోకండి. గ్రాఫ్ షీట్ల వంటి విడి సరుకును పది రూపాయల కట్టలుగా రబ్బరుబ్యాండు వేసి పెడితే చిల్లర గొడవ తప్పుతుంది. రౌండు చేయడమంటే ఎమ్మార్పీ దాటించడం మాత్రం కాదు, అది చట్టప్రకారం నేరం.

ఇక క్యూఆర్ కోడ్. కౌంటర్ అద్దం మీద ఒక్కటే అతికిస్తే అందరూ దాని మీదకే వంగుతారు. లైను నిలబడే గోడ మీద భుజం ఎత్తున ఇంకో రెండు పెట్టండి. సరుకు మీద ధర కనిపిస్తుంటే మీ దాకా వచ్చేలోపే డబ్బు కట్టేస్తారు. రద్దీలో సౌండ్‌బాక్సు వరసగా అరుస్తుంది, ఏ మొత్తం ఎవరిదో తేలదు. సరుకు ఇచ్చేటప్పుడు వాళ్ల ఫోన్‌లో పేరు, టైము చూడండి. వందల ఫోన్లు ఒకే టవర్ మీద పడే వేళ పేమెంట్ పెండింగ్‌లో ఆగిపోతుంది. అప్పుడు “మళ్లీ కొట్టు” అనకండి. రెండుసార్లు కట్ అయితే ఆ తగువు మూడు రోజులు నడుస్తుంది. రోల్ నంబరు రాసుకుని పంపించండి, తీరిగ్గా మీ యాప్‌లో సరిచూసుకోవచ్చు.

అన్నిటికంటే పెద్ద చిక్కు జిరాక్సు. పెన్ను కొనాల్సినవాడు ఎనభై పేజీల నోట్సు వెనకాల నిలబడకూడదు. జిరాక్సుకు వేరే బల్ల, వేరే మనిషి ఉండాలి. ఒక్కరే ఉన్న షాపైతే ఇరవై పేజీలు దాటినవి తీసుకుని, పేరు రాసి, లంచ్ తర్వాత ఇవ్వండి. ప్రింటుకు పీడీఎఫ్ మాత్రమే తీసుకోండి. వర్డ్ ఫైలు మీ కంప్యూటర్‌లో తెరిస్తే, వాళ్లు వాడిన ఫాంటు మీ దగ్గర లేకపోతే లైన్లు జరుగుతాయి, విషయసూచికలో పేజీ నంబర్లు తప్పుతాయి, రీప్రింటు ఖర్చు మీ నెత్తిన పడుతుంది. ‘అను’ అనే పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన ప్రాజెక్టయితే, ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో అక్షరం ముక్క అర్థం కాదు.

జులై, ఆగస్టుల్లో కాగితం చెమ్మ పీల్చుకుని మెషీన్‌లో ఇరుక్కుంటుంది. 500 షీట్ల రీము విప్పాక మిగిలింది మళ్లీ కవర్‌లోనే చుట్టి పెట్టాలి. బెల్లుకు పది నిమిషాల ముందే షీట్లను విదిలించి ట్రే నింపండి. ఇంటర్వెల్‌లో ఒక్క జామ్ తీయడానికి ఐదు నిమిషాలు పట్టినా సగం గిరాకీ పోయినట్టే.

ఈ వారం పని: రెండు ఇంటర్వెల్‌లలో ఫోన్ స్టాప్‌వాచ్‌తో ఇరవై మందిని లెక్కపెట్టండి. ఒక్కొక్కరికి ఎన్ని సెకన్లు పట్టిందో, ఆలస్యం అడగడంలోనా, వెతకడంలోనా, డబ్బు దగ్గరా, జిరాక్సులోనా అన్నది రాయండి. వెనక్కి తిరిగిపోయినవాళ్లకు పక్కన ఎర్ర గీత పెట్టండి. మిడ్ పరీక్షల వారం స్టాకు లెక్క నాలుగో పాఠంలో ఈ కాగితంతోనే మొదలవుతుంది.