దెబ్బతిన్న రేస్ కారు: నడపాలా, ఆపాలా?

ఫార్ములా వన్‌లో దెబ్బ తగిలిన ప్రతి కారూ ఆగిపోనక్కర్లేదు. అది ఇంకా పరుగెడుతుందా అన్నది టీమ్ తలనొప్పి. దాని ముక్క ఊడి వెనకవాళ్ల మీద పడుతుందా అన్నది మాత్రం రేస్ కంట్రోల్ (రేస్‌ని నడిపించే అధికారులు) తేల్చాలి.

సమస్య: ముందు రెక్క అంచు వేలాడుతోంది
కారణం: సాధారణంగా మొదటి ల్యాప్ తోపులాట.
పరిష్కారం: నల్ల జెండా మీద నారింజ గుండ్రం, పక్కన మీ కారు నంబర్ కనిపిస్తే పిట్‌లోకి, అంటే టీమ్ కారుని బాగుచేసే చోటికి, రావాల్సిందే. రెక్కతో సహా కారు ముక్కు మార్చుకుని మళ్లీ వెళ్లొచ్చు. 2022లో డ్రైవర్ కెవిన్ మాగ్నుసెన్‌కి కెనడా, హంగరీ, సింగపూర్‌లలో ఈ జెండా చూపించారు. అతని టీమ్ హాస్‌కి ఒళ్లు మండింది.

సమస్య: అద్దం ఊగుతోంది
కారణం: ఢీకొన్నప్పుడు బిగింపు వదులవడం.
పరిష్కారం: పైకి చిన్న విషయమే అనిపిస్తుంది గానీ, నా దృష్టిలో అన్నిటికంటే నిర్లక్ష్యానికి గురైంది ఇదే. 2022 ఆస్టిన్‌లో స్ట్రోల్‌ని గుద్దుకుని గాల్లోకి లేచిన అలోన్సో, ఊగే అద్దంతోనే చాలా ల్యాప్‌లు తిరిగాడు. చివరికి అది ఊడిపోయింది. జెండా మాత్రం రాలేదు. రేస్ అయ్యాక హాస్ ఫిర్యాదుతో 30 సెకన్ల పెనాల్టీ పడింది. ఫిర్యాదు గడువు దాటి 24 నిమిషాలకి అందిందని తేలడంతో అదీ రద్దయింది. రెండేళ్ల తర్వాత ఖతార్‌లో ఆల్బన్ కారు అద్దం ట్రాక్ మీద పడింది. బొటాస్ దాన్ని తొక్కి ముక్కలు చేశాడు, కాసేపటికే హామిల్టన్, సైంజ్ టైర్లు పంక్చరయ్యాయి. అద్దం ఊగుతుంటే జెండా కోసం ఎదురుచూడకుండా టీమే పిలిచేయాలి.

సమస్య: స్టీరింగ్ విపరీతంగా వణుకుతోంది
కారణం: బ్రేక్ గట్టిగా పట్టి టైర్ ఒకచోట అరిగిపోవడం.
పరిష్కారం: పిట్‌కి రండి. 2005 నూర్‌బుర్గ్‌రింగ్‌లో ముందంజలో ఉన్న రైకొనెన్ అలాగే లాగించాడు. చివరి ల్యాప్‌లో సస్పెన్షన్ విరిగి కారు ట్రాక్ బయటికి పోయింది.

సమస్య: వెనక రెక్క విరిగింది, పిట్ దూరంగా ఉంది
కారణం: గోడకి గుద్దుకోవడం.
పరిష్కారం: సురక్షితంగా పక్కకి తప్పుకునే చోటు రాగానే ఆపేయాలి, నిబంధన అదే. అక్కడ ఆపితే రేస్ వేగం తగ్గించే సేఫ్టీ కార్ వస్తుందని, ముందున్న సొంత టీమ్ కారుకి నష్టమని భయపడి నడిపేస్తే ఏమవుతుందో 2024 కెనడాలో పెరెజ్ చూశాడు. ముక్కలు రాల్చుకుంటూ పిట్‌కి వచ్చాడు. తర్వాతి రేస్‌లో మూడు స్థానాల గ్రిడ్ పెనాల్టీ (మూడు స్థానాలు వెనక నుంచి మొదలుపెట్టడం), రెడ్‌బుల్‌కి 25,000 యూరోల జరిమానా. వేలాది కోట్ల ఆటలో ఆ జరిమానా ఏ మూలకి?

సమస్య: కారు ఆగింది, పైన ఎర్ర లైటు వెలుగుతోంది
కారణం: హైబ్రిడ్ వ్యవస్థ నుంచి కరెంట్ షాక్ ప్రమాదం.
పరిష్కారం: కారునీ నేలనీ ఒకేసారి తాకకుండా డ్రైవర్ దూకేయాలి. ఇన్సులేటెడ్ గ్లవ్స్ లేనివాళ్లు దగ్గరికి పోకూడదు. లైటు అసలు వెలగకపోయినా అంతే. పచ్చ లైటు ఉంటేనే మార్షల్స్ (ట్రాక్ పక్కనుండే సహాయక సిబ్బంది) చేయి వేస్తారు.