అపార్ట్‌మెంట్‌లో ఏడెనిమిది మందితో పారాయణ బృందం ఎలా మొదలుపెట్టాలి?

ధనుర్మాసంలో తెల్లవారుజామున కలిసి గుడికెళ్లినవాళ్లే సంక్రాంతి దాటాక లిఫ్టులో ఎదురైతే నవ్వి ఊరుకుంటారు. ఆ నెల రోజుల చనువు ఏడాదంతా నిలవాలంటే విష్ణు సహస్రనామ పారాయణ సులువైన దారి. 108 శ్లోకాలు, ఫలశ్రుతితో (చదివితే కలిగే ఫలం చెప్పే చివరి భాగం) కలిపి అరగంట, మహా అయితే 40 నిమిషాలు. చాలామందికి సగమైనా నోటికొచ్చి ఉంటుంది.

ముందు ఎందుకో తేల్చుకోండి

భక్తి కోసమే అయితే ఎవరింట్లో వాళ్లు చదువుకోవచ్చు. మాకు జవాబు ఫలశ్రుతిలోనే దొరికింది: ‘ఆర్తా విషణ్ణాః శిథిలాశ్చ భీతాః’. బాధలో ఉన్నవాళ్లు, దిగులుపడ్డవాళ్లు, డీలాపడినవాళ్లు, భయపడుతున్నవాళ్లు. వీళ్లంతా మన మెట్ల పక్క తలుపుల వెనకే ఉంటారు. వారానికోసారి చదవడం, మనలో ఎవరికి కష్టమొచ్చినా మిగతావాళ్లు వెళ్లడం, ఈ రెండే మా పని. చీటీలు, పెళ్లి సంబంధాలు, రాజకీయాలు వద్దని మొదటి రోజే చెప్పేయండి. ఆలస్యంగా చెబితే ఎవరినో అన్నట్టుంటుంది.

మనుషులు, వేళ

నోటీసు బోర్డు జోలికి పోకండి. ముగ్గురిని ఇంటికెళ్లి పిలవండి, వాళ్లు తలా ఒకరిని తెస్తారు. 12 మంది దాటితే ఎవరు రాలేదో గమనించేవాళ్లుండరు, అప్పుడు బ్లాకుకొకటిగా విడిపోవడమే మేలు. ఏకాదశులు పెట్టుకుంటే ఉద్యోగస్తులకు కుదరదు. శనివారం సాయంత్రం ఆరున్నర అనుకుంటే ఎంతమంది వచ్చినా ఆరున్నరకే మొదలుపెట్టండి. ముందుగా 11 వారాలకే మాట తీసుకోండి. ఎప్పటికీ అంటే ఎవరైనా జంకుతారు.

చదివేటప్పుడు

బాగా వచ్చినవాళ్లు ఒకరు అందుకుంటే మిగతావాళ్లు వెనకాలే వస్తారు. ‘క్షేత్రజ్ఞోఽక్షర ఏవ చ’ దగ్గర తడబడనివాళ్లు తక్కువ. అందరి ముందూ దిద్దకండి. మా దగ్గర ఒకావిడ అలా దిద్దించుకుని మళ్లీ రాలేదు. దిద్దింది నేనే. ‘ఆ మూడు రోజులు’ రాలేమనేవాళ్లుంటారు, గుచ్చి అడగకండి.

ప్రసాదానికి గుగ్గిళ్లో పటికబెల్లమో చాలు. ఒకరు పులిహోర చేశారంటే వచ్చే వారం చక్కెర పొంగలి, ఆపై వారం రెండూ వస్తాయి. మూడో నెలకల్లా తన వంతు వస్తోందంటేనే గుండె దడ. వాట్సాప్ గ్రూపులో ఎవరింట్లో, ఎన్నింటికి అన్నంతవరకే.

అసలు పరీక్ష మైల వచ్చినప్పుడు

ఇంట్లో ఎవరైనా పోతే ఆ కుటుంబం పది, పదకొండు రోజులు పూజకు రాదు. మనుషులు బాగా కావలసిన రోజుల్లోనే బృందానికి దూరమవుతారన్నమాట. అందుకే ఏం చేయాలో ముందే అనుకోండి. వాళ్లింట్లో పొయ్యి వెలిగించరు కాబట్టి మొదటి పూట భోజనం ఎవరు పంపాలి, ఊరినుంచి వచ్చే బంధువులకు ఎవరి ఫ్లాట్ తెరవాలి, పిల్లల్ని స్కూలు బస్సు ఎవరు ఎక్కించాలి. వెళ్లినవాళ్లు వేదాంతం చెప్పకూడదు. ‘కర్మ’, ‘రుణం తీరిపోయింది’ లాంటి మాటలు వినే ఓపిక ఆ ఇంట్లో ఉండదు. పక్కన కూర్చుని, మంచినీళ్లిచ్చి, పోయినవాళ్ల గురించి వాళ్లు చెబుతుంటే వినండి.

పదకొండో రోజు దాటాక బంధువులు వెళ్లిపోతారు, ఇల్లు బోసిపోతుంది. ఏటిసూతకమని, అంటే ఏడాదిపాటు పాటించే మైల అని, కొందరు పారాయణకూ రావడానికి వెనకాడతారు. రావచ్చో లేదో వాళ్ల పురోహితుణ్ణి అడగమనండి. రాలేమంటే బలవంతపెట్టకుండా, ప్రతి శనివారం చదవడమయ్యాక ఇద్దరు వాళ్లింటికెళ్లి కాసేపు కూర్చుని రండి. ప్రసాదం మాత్రం తీసుకుంటారో లేదో అడిగి పట్టుకెళ్లండి.