ఆడా మగా వాదన తెగని ఇంట్లో పద్దు రాయడం ఎలా

ఇరవై రెండేళ్లుగా పరకాల దగ్గర మా ఊళ్లో మహిళా సంఘాల పుస్తకాలు రాస్తున్నాను. పొదుపు, అప్పు, వడ్డీ, తీర్మానం, సంతకం. పది మంది గంటసేపు అరుచుకున్న చోట పాత పేజీ తీసి చదివితే గొంతులు తగ్గడం ఎన్నోసార్లు చూశాను. ఆ పనే ఇంట్లో చేయాలని మాత్రం నాకు 2023 డిసెంబరు దాకా తోచలేదు.

ఆ నెల 9 నుంచి తెలంగాణలో పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమైంది. మా అమ్మాయి కాకతీయ విశ్వవిద్యాలయంలో పీజీ చదువుతోంది, రోజూ హనుమకొండ వెళ్లి వస్తుంది. మా అబ్బాయి ఆటో నడుపుతాడు. ఒక రాత్రి భోజనాల దగ్గర అమ్మాయి సంచిలోంచి, ఉచిత ప్రయాణానికి బస్సులో ఇచ్చే జీరో టికెట్టు ఒకటి జారి కంచం పక్కన పడింది. వాడు దాన్ని చూసి లేచి నిలబడ్డాడు. "చట్టాలూ మీకే, బస్సులూ మీకే. మగవాడి గోడు ఎవరికి కావాలి?" అన్నాడు. "ఒక్క పూట వంటింట్లో నిలబడి ఆ మాట అను అన్నా" అంది తను. అక్కడి నుంచి మాట ఇల్లు దాటిపోయింది. స్త్రీవాదం సంసారాలు కూలుస్తోందని వాడు, మగజాతి అంతా ఒకటేనని తను. ఎవరి ఫోనులో చూసినవి వాళ్లు అప్పజెప్పుకున్నారు. మా ఆయన చెయ్యి కడుక్కుని వాకిట్లో మంచం మీద కూర్చున్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆలోచిస్తే ఒకటి తెలిసింది. "ఆడవాళ్లు", "మగవాళ్లు" అనే పేర్ల మీద పద్దు పెడితే ఏ లెక్కా తేలదు. ఆ పేర్లతో సంతకం పెట్టినవారు ఎవరూ లేరు. పద్దు తేలాలంటే మనిషి పేరు ఉండాలి, పని ఉండాలి, నిమిషాలు ఉండాలి. అప్పటి నుంచి మా ఇంట్లో ఒక పొడుగు పుస్తకం నడుస్తోంది. సంఘంలో అడిగిన మరికొన్ని ఇళ్లలోనూ పెట్టించాను. ఎలా పెట్టాలో చెబుతాను.

గొడవైన రోజు మొదలుపెట్టకండి. ఆ రోజు రాసే ప్రతి గీతా ఎదుటి మనిషిని పొడవడానికే ఉంటుంది. మామూలు వారం చూసుకోండి. బతుకమ్మ రోజులు, పత్తి ఏరే రోజులు, మేడారం జాతర వారం వద్దు. అప్పుడు అందరి పనీ తలకిందులవుతుంది. మేము సంక్రాంతి వెళ్లిన తరువాతి సోమవారం మొదలుపెట్టాం.

పేజీ మీద ఐదు గళ్లు గీయండి: రోజు, పేరు, పని, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా, ఎవరి కోసం. ఇంట్లో ఎంత మంది ఉంటే అంత మందీ రాయాలి. రాయడం రాని అత్తమ్మ ఉంటే ఆమె చెబుతుంది, పిల్లలు రాస్తారు. ఎవరి పని వాళ్లే రాసుకోవాలి, పక్కవాళ్ల గడిలో వేలు పెట్టకూడదు.

పని పేరు చిన్నదిగా, విడిగా రాయండి. "ఇంటి పని, రోజంతా" అని రాస్తే సంఘంలో నేనైతే ఆ పద్దు కొట్టేస్తాను. "బియ్యం ఏరాను, 15 నిమిషాలు. బిందెలు నింపాను, 20. పశువుల దగ్గర ఊడ్చాను, 30." ఇలా ఉండాలి. "ఎప్పుడూ", "ఏనాడూ" అనే మాటలు పుస్తకంలోకి రానివ్వకండి. ఆ రెండు మాటలు తీసేస్తే సగం తగాదాకు ఊపిరి ఉండదు.

ఇక ఎక్కువ మంది వదిలేసే పని ఒకటుంది. గ్యాసు ఎప్పుడు అయిపోతుందో, అత్తమ్మ బీపీ మాత్రలు ఎన్ని మిగిలాయో, ఎవరింట్లో శుభకార్యానికి ఎంత చదివించాలో గుర్తుపెట్టుకునే పని. చేతులు కదలవు కాబట్టి దాన్ని ఎవరూ పనిగా లెక్కపెట్టరు. మా పుస్తకంలో దానికి "తలలో మోసిన పని" అని చివర వేరే వరుస పెట్టాను. మొదటి వారం ఆ వరుసలో పదిహేడు పద్దులు వచ్చాయి. పదిహేనింటి పక్కన నా పేరే ఉంది.

అలాగే మగవాళ్లు తమ పనిని చెప్పుకోవడం నామోషీ అనుకుంటారు, దాన్నీ రాయించాలి. మా ఆయన వారం రోజులకు రెండే వరుసలు రాశారు. "రాత్రి పూట ఎక్కడికి వెళ్తున్నారు?" అని అడిగితే, "మొక్కజొన్న చేనుకు పందుల కాపలా, అది కూడా పనేనా?" అన్నారు. పదిన్నర నుంచి నాలుగు దాకా చేను గట్టు మీద, చలిలో, డబ్బా కొడుతూ. నేను ఆ పద్దు రాయించి పక్కన ఆయన చేతే పొడి సంతకం పెట్టించాను.

ఆదివారం పొద్దున టీ తాగాక చదవాలి. రాత్రి వద్దు, అలసట మీద వినికిడి తక్కువ. ఒకరి పేజీ ఇంకొకరు చదవాలి, ఇదే ముఖ్యం. కొడుకు పేజీ కూతురు, భార్య పేజీ భర్త. చదవడం పూర్తయ్యే దాకా ఎవరూ బదులు చెప్పకూడదు.

ఆ ఆదివారం మా వాడు నా పేజీ చదివాడు. "నాలుగున్నరకు లేచాను. వాకిలి ఊడ్చి చల్లాను, 25 నిమిషాలు. పొయ్యి, 10. నీళ్లు..." అని చదువుతూ మంగళవారం దాటేసరికి వాడి గొంతు నెమ్మదించింది. బుధవారం మధ్యలో ఆగి, వేలితో గీతల వెంట పోయి, మొత్తం లెక్క వాడే కట్టాడు. నాది రోజుకు సగటున ఆరు గంటల పది నిమిషాలు. చెల్లిది రెండు గంటల నలభై. వాడిది పది నిమిషాలు. ఆ పది నిమిషాలు కూడా తన బట్టలు తాను ఇస్త్రీ చేసుకున్నవి.

తరువాత మా అమ్మాయి వాడి పేజీ చదివింది. పదకొండు గంటలు బయట. అందులో స్టాండు దగ్గర గిరాకీ లేకుండా వరుసలో కూర్చున్నది నాలుగున్నర గంటలు. గురువారం అంతా తిరిగితే డీజిలు పోను మిగిలింది నూట నలభై రూపాయలు. ఆ అంకె దగ్గర తను ఆగిపోయింది. అన్న పడే ఇబ్బంది గురించి వాడి నోట విన్నది మాటలే, అంకె ఎప్పుడూ వినలేదు. "బస్సు ఉచితం చేసింది నేను కాదు కదా అన్నా" అని మాత్రం మెల్లగా అంది. "తెలుసు" అన్నాడు వాడు.

అక్కడ నా తప్పు కూడా బయటపడింది. గిన్నెలు తోమమని అమ్మాయిని పిలిచిన పద్దులు తొమ్మిది ఉన్నాయి, వాణ్ని పిలిచినది ఒక్కటీ లేదు. పిలిచింది నేనే. ఈ పుస్తకం పెట్టే తల్లులు ఈ గీత దగ్గర నిజాయితీగా ఉండాలి. కొడుకుని కూర్చోబెట్టి పెంచి, రేపు వచ్చే కోడలి మీద భారం వేసేది మనమే.

మీ ఇంటి అంకెలు వింత అనుకోకండి. కేంద్రం 2019లో చేసిన కాల వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు దానికి రోజుకు సగటున 299 నిమిషాలు పెడుతుంటే, ఇంటి పని చేసే మగవాళ్లు పెట్టేది 97 నిమిషాలు. 2024లో మళ్లీ చేస్తే 289, 88. ఐదేళ్లలో ఇద్దరికీ కాస్త తగ్గింది, మధ్యనున్న దూరం మాత్రం కదలలేదు.

చదివాక ఒక్క తీర్మానం చేయండి. ఒక్కటే. సంఘంలో ఒక సమావేశంలో ఆరు తీర్మానాలు చేస్తే ఒక్కటీ నిలవదు. మా మొదటి తీర్మానం: రాత్రి గిన్నెలు అబ్బాయివి, నెల రోజులు. నలుగురం సంతకాలు పెట్టాం.

ఈ పని పుస్తకం రెండు నెలలు నడిచాక రెండో పుస్తకం తెరవండి. ఇది బరువైనది. ఇంట్లో ఏది ఎవరి పేరు మీద ఉందో రాయాలి: పొలం పాసుపుస్తకం, ఇల్లు, బంగారం, బ్యాంకు ఖాతా, ఎరువుల దుకాణంలో అప్పు, సంఘం అప్పు. 2018లో రైతుబంధు పేరుతో పంట పెట్టుబడి సాయం వచ్చినప్పుడు డబ్బు పట్టాదారుకే అందింది. విత్తు వేసి, కలుపు తీసి, పత్తి ఏరిన మనిషి పేరు పాసుపుస్తకంలో లేకపోతే ఆ డబ్బు ఆమె చేతికి రాలేదు. మన ఓరుగల్లును ఏలిన రుద్రమదేవినే శాసనాల్లో రుద్రదేవ మహారాజు అని మగ పేరుతో రాశారు. పని ఎవరిదైనా కాగితం మీద మగ పేరు ఉండాలన్న అలవాటు అంత పాతది.

అప్పు వైపు కూడా అంతే శ్రద్ధగా రాయండి. ఎరువుల దుకాణంలో బాకీ ఉన్న పేరు మగవాడిది, వాకిట్లోకి వచ్చి నిలదీసేది అతణ్నే. 1997, 98లో పత్తి దెబ్బతిన్నప్పుడు మన వరంగల్ జిల్లాలో పురుగుమందు తాగిన రైతులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్లుంటుంది. ఎంత అప్పు ఉందో భార్యలకు చెప్పుకోలేక పోయినవాళ్లు ఎందరో. అప్పు ఒక్కడి గుండెలో ఉండకూడదు, ఇద్దరూ చదివే పేజీ మీద ఉండాలి.

కూతుళ్ల వాటా కూడా ఈ పుస్తకంలోనే రాయాలి. హిందూ ఉమ్మడి కుటుంబ ఆస్తిలో, అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు మన ఉమ్మడి రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే కొడుకులతో సమానంగా హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా, పెళ్లయినా కాకపోయినా, ఆ హక్కు వచ్చింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టు 11న తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే చట్టప్రకారం జరిగిపోయిన పంపకాలను మాత్రం తిరగదోడలేరు. "పసుపు కుంకుమల కింద ఇచ్చేశాం కదా" అని అన్నలు అంటారు. ఇచ్చింది కట్నమైతే అది అల్లుడి ఇంటికి పోయింది, కూతురి పేరు మీద ఏమీ రాలేదు. పైగా 1961 చట్టం ప్రకారం కట్నం తీసుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే.

ఇక్కడ ఒక లెక్క చూపిస్తాను. మా చుట్టుపక్కల ఊళ్లలో వ్యవసాయం చేసే అబ్బాయిలు ముప్పై నాలుగు, ముప్పై ఐదు దాటినా పెళ్లి కాక ఉన్నారు. ఆ బాధ నిజమైనది, దాన్ని నవ్వి తీసిపారేయకండి. "ఈ కాలం ఆడపిల్లలకు ఉద్యోగం, హైదరాబాదులో ఇల్లు కావాలి" అని వాళ్లు మండిపడతారు. అలాంటి అబ్బాయితో మాట్లాడేటప్పుడు నీతులు చెప్పకండి. ఎన్ని పెళ్లిచూపులయ్యాయి, ఎవరు ఏం అడిగారు అని అడిగి వినండి. ఉద్యోగం అడిగింది చాలాసార్లు పిల్ల తండ్రి. పుట్టింట్లో పిల్ల పేరు మీద గుంట భూమి లేక, అత్తింట్లోనూ రాక, అల్లుడి జీతం తప్ప కూతురికి ఏ ఆధారమూ కనబడని తండ్రి. తన చెల్లికి వాటా ఎగ్గొట్టే ఇంటి అబ్బాయి, ఇంకో ఇంట్లో అలాగే ఎగ్గొట్టబడ్డ అమ్మాయి తండ్రి ముందు ఉద్యోగం లేదని చిన్నబోతున్నాడు. ఒకచోట జమ ఎగిరిపోతే ఇంకోచోట బాకీగా తేలింది. ఈ మాట ఇలా చెబితే చాలామంది అబ్బాయిలు విన్నారు.

498ఏ భయం కూడా వాళ్ల నోట తరచు వస్తుంది. భార్యను భర్త, అతని బంధువులు హింసిస్తే శిక్షించడానికి 1983లో వచ్చిన ఆ సెక్షను 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలో 85, 86గా ఉంది. ఫిర్యాదు రాగానే యాంత్రికంగా అరెస్టు చేయకూడదని, అరెస్టు అవసరం లేని చోట నోటీసు ఇచ్చి పిలవాలని సుప్రీంకోర్టు 2014లోనే, అర్నేష్ కుమార్ కేసులో చెప్పింది. ఇది తెలియక సగం భయం, తెలిస్తే మాట నెమ్మదిస్తుంది.

"అసలు స్త్రీవాదం ఎందుకమ్మా?" అని మా వాడు ఒకసారి మనసారా అడిగాడు. నేను మా నాన్న సంగతి చెప్పాను. కూలి డబ్బుల్లో సగం సారా దుకాణంలో ఇచ్చి వచ్చేవాడు. నాకు పదిహేడేళ్లప్పుడు, 1992లో, నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా దుకాణం మూయించారన్న కబురు మా దాకా వచ్చింది. ఉద్యమం రాష్ట్రమంతా పాకి 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధమైంది. ఆ ఆడవాళ్లు అడిగింది, సంపాదనలో ఇంటికి ఎంత చేరుతోందన్న లెక్క. ఆ ఏడాది మా నాన్న మొదటిసారి కూలి డబ్బు మొత్తం తెచ్చి అమ్మ చేతిలో పెట్టాడు. "తాతయ్యకు అది మేలు చేసిందా, కీడు చేసిందా?" అన్నాను. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

ఒక్క ఇంటికి మాత్రం ఈ పుస్తకం వద్దు. చేయి లేచే ఇంటికి. అక్కడ పుస్తకం చదివి వినిపిస్తే ఆ పేజీ ఇంకో దెబ్బకు సాకు అవుతుంది. ఒకసారి సంఘం సమావేశంలో ఒకామె వేలిముద్ర వేయడానికి చెయ్యి చాపితే మణికట్టు చుట్టూ నల్లగా కమిలి ఉంది. పుస్తకం మూసేశాను. అలాంటప్పుడు మహిళల హెల్ప్‌లైను 181కి ఫోను చేయండి. సఖి కేంద్రంలో ఆశ్రయం, వైద్యం, న్యాయ సహాయం ఒకేచోట దొరుకుతాయి. 2005 గృహహింస చట్టం కింద, తాను ఉంటున్న ఇంట్లోంచి వెళ్లగొట్టకుండా ఆమె కోర్టు ఉత్తర్వు పొందవచ్చు. "సర్దుకుపో" అనే మాట ఆ మనిషి ముందు ఎవరూ అనవద్దు, వేడుకుంటున్నాను.

మిగిలినవి చిన్న సంగతులు. పుస్తకం బీరువాలో పెట్టకండి, క్యాలెండరు పక్కన మేకుకు వేలాడదీయండి. పెన్నుకు దారం కట్టండి, లేకపోతే పోతుంది. రాసే ముందే పేజీలకు అంకెలు వేయండి, కోపంలో ఎవరైనా చింపితే తెలుస్తుంది. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టి పక్కన సంతకం పెట్టండి, రుద్దకండి. నెల దాటాక ఆదివారం ఎవరికీ తీరిక లేకపోతే సోమవారం చదవండి కానీ మానకండి. మా పని పుస్తకం ఇప్పుడు 63వ పేజీలో ఉంది. నిన్నటి వరుసలో మా అమ్మాయి రాసింది: "అన్న ఆటో సీటు కవర్లు కుట్టాను, 50 నిమిషాలు." దాని కింద వాడి రాత: "గిన్నెలు, 25. నానమ్మ మాత్రలు తెచ్చాను, తలలో మోసిన పని, నేనే గుర్తుపెట్టుకున్నాను."