చిన్న ఫ్లాట్‌కి స్పీకర్లు కొనేముందు

కూకట్‌పల్లిలో మా హాలు 10 అడుగులకు 12. మొదట్లో 8 అంగుళాల వూఫర్లున్న పెద్ద జత తెచ్చాను. వూఫర్ అంటే స్పీకర్లో బాస్ (లోతైన, బరువైన శబ్దం) ఇచ్చే పెద్ద గుండ్రటి భాగం. మృదంగం ఎడమ వైపు దెబ్బ పడితే చాలు, గదంతా బుంయ్‌మని మోగేది. దాని కింద వీణ పూర్తిగా మునిగిపోయేది.

ఇంత గదికి 4 నుంచి 5 అంగుళాల వూఫర్ చాలు. కొనేటప్పుడు స్పీకర్ వెనక్కి తిప్పి చూడండి. గాలి రంధ్రం, అంటే పోర్టు, వెనకుంటే గోడకి కనీసం అడుగు దూరం వదలాలి, లేకపోతే బాస్ ఉబ్బిపోతుంది. అంత జాగా లేదా? ముందు పోర్టు ఉన్నది గానీ, అసలు పోర్టే లేని మూసిన పెట్టె గానీ తీసుకోండి. నేను మూసినదే తీసుకున్నాను. బాస్ కాస్త తగ్గింది, కానీ మృదంగం మీద వేళ్లు ఇప్పుడు విడివిడిగా తెలుస్తున్నాయి. నాకు ఆ ఆనందమే వేరు!

షాపుకి మీకు కంఠతా వచ్చిన పాట పట్టుకెళ్లి, సౌండ్ తగ్గించి వినండి. రాత్రి పదింటికి ఇంట్లో పెట్టుకునేది అంతేగా. ఆ సౌండ్‌లోనూ పాటలో ప్రతి మాటా స్పష్టంగా రావాలి. వాట్ల గురించి టెన్షన్ పడొద్దు.

ఇంటికి తెచ్చాక ట్వీటర్, అంటే సన్నని శబ్దాలిచ్చే చిన్న భాగం, మీ చెవి ఎత్తులో ఉండాలి. రెండు స్పీకర్ల మధ్య ఎంత దూరమో, మీ కుర్చీకీ ఇంచుమించు అంతే. టీవీ అరలోకి మాత్రం దూర్చకండి.