సగం గ్లాసు టీ: మొదటిసారి ఏఏ మీటింగుకు వెళ్లేవాళ్లకు

నాది కావలిలో మోటార్ల వైండింగ్ షాపు. సన్న రాగి తీగ చుట్టే పని, చెయ్యి వణికితే తెగిపోతుంది. మూడేళ్ల పాటు పొద్దున్నే క్వార్టర్ పడితే తప్ప నా చెయ్యి నిలవలేదు. ఇప్పుడు ముట్టక ఆరేళ్లు. ఏఏ మీటింగులంటే తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునేవి, నేనూ వాటికి వెళ్లినవాణ్ణే. అందుకే మానాలనుకునేవాళ్లు షాపుకొచ్చి, పక్కన ఎవరూ లేనప్పుడు, "ఆ మీటింగులు యాడ జరగతాయన్నా?" అని అడుగుతుంటారు. వాళ్లకు చెప్పేదే ఇక్కడ రాస్తున్నాను.

మీటింగు కన్నా ముందు డాక్టరు. రోజూ తాగేవాడు ఒక్కసారిగా ఆపేస్తే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేనివి కనపడి మతి తప్పొచ్చు. ప్రాణం పోయేంత ప్రమాదం. నేను ఇంట్లోనే పంతానికి ఆపాను. మూడో రోజు రాత్రి గోడ మీద చీమలు బారులు కట్టాయని చీపురుతో ఊడుస్తూ కూర్చున్నాను. ఒక్క చీమ లేదు. మావాళ్లు గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. తెల్లారి ఆస్పత్రిలో పడేశాకే బతికాను. నెల్లూరు, ఒంగోలు ప్రభుత్వ పెద్దాస్పత్రుల్లో మానసిక వైద్యులుంటారు, సిగ్గుపడకుండా వెళ్లండి. 14446కు ఫోన్ చేస్తే మత్తు మాన్పించే చికిత్స గురించి ఉచితంగా చెబుతారు. టెన్షన్‌తో నిద్ర పట్టకపోతే 14416 ఉంది, రాత్రయినా తెలుగులో మాట్లాడతారు. ఇంటివాళ్లకు ఒక మాట: తాగుడు మాన్పించే మాత్రను తెలియకుండా కూరలో కలపొద్దు. అది ఒంట్లో ఉండగా మద్యం పడితే బీపీ పడిపోయి ప్రాణం మీదికొస్తుంది.

ఇక ఏఏ. ఆల్కహాలిక్స్ ఎనానిమస్ అన్నమాట. 1935లో అమెరికాలో ఒక షేర్ మార్కెట్ మనిషి, ఒక సర్జన్, ఇద్దరూ తాగుడుతో చితికినవాళ్లే, కలిసి మొదలుపెట్టారు. దగ్గర్లో మీటింగు ఎక్కడో తెలియాలంటే ఏఏ వాళ్ల ఇండియా వెబ్‌సైటులో హెల్ప్‌లైన్ నంబర్లుంటాయి, లేదా ఆస్పత్రి కౌన్సెలర్‌ని అడగండి. అడ్రసు దొరికింది కదా అని నేరుగా బయల్దేరకండి. ఎవరో రాసిచ్చిన చీటీ పట్టుకుని ఒక ఆదివారం నేనట్లాగే వెళ్తే తలుపుకు తాళం. గది మార్చి నాలుగు నెలలయిందట. తిరుగుదారిలో బస్టాండు పక్కన నేనేం చేశానో వేరే చెప్పక్కర్లేదు. అందుకే ఆ రోజే ఫోన్ చేసి, మీటింగు ఉందా, బస్టాండు నుంచి ఎట్లా రావాలి అని అడగండి. ఓపెనా, క్లోజ్డా అన్నదీ కనుక్కోండి. ఓపెన్ అయితే భార్యో, అన్నో వెంట రావచ్చు. క్లోజ్డ్ అయితే తాగుడు సమస్య ఉన్నవాళ్లకే.

అందరి అసలు భయం డాక్టరూ కాదు, అడ్రసూ కాదు. ఎవరైనా చూస్తే? మా అమ్మది కలిగిరి వైపు. 1992లో రోసమ్మగారి దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక పోరాటంలో తిరిగిన మనిషి. ఆమె కొడుకు తాగుబోతుల మీటింగుకు పోతున్నాడంటే ఊళ్లో తలెత్తుకోగలదా? (నేను తూలుకుంటూ ఇంటికొచ్చేది ఊరంతా చూస్తూనే ఉంది, ఆ సంగతి అప్పుడు తట్టలేదు.) అంత భయముంటే పక్క ఊరి మీటింగుకు వెళ్లండి. బస్సు చార్జీ దండగ కాదు. నేను నెల్లూరు వెళ్లాను. తీరా గదిలో అడుగుపెడితే, మా షాపుకు పంపుసెట్టు తెచ్చే రైతు ఎదురుగా కూర్చుని ఉన్నాడు! "రా అబ్బయ్యా" అన్నాడు, అంతే. తర్వాత నెలకు మోటారు కాలిపోయి షాపుకొచ్చాడు. పదిమంది ఉన్నారు. బేరం ఆడాడే గానీ ఆ ఊసెత్తలేదు.

లోపల పెద్ద తతంగం ఏమీ ఉండదు. గంట, గంటన్నర. పేరు చెప్పి, "నేను ఆల్కహాలిక్‌ని" అని ఒక్కొక్కరు తమ సంగతి చెప్పుకుంటారు. మధ్యలో ఎవరూ అడ్డు రారు, సలహాలివ్వరు. మీకు మాట్లాడాలని లేకపోతే "వింటాను" అంటే చాలు. ఫీజు లేదు, ఆధార్ అడగరు. చివర్లో చందా సంచి తిరుగుతుంది, మొదటిసారి వచ్చినవాళ్లు వెయ్యకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు. దేవుడి మాట వస్తుంది గానీ ఏ మతమో అడగరు.

నాకు ఆ రోజు టీ ఇచ్చిన పెద్దాయన గ్లాసులో సగమే పోశాడు. ఇక్కడా పిసినారితనమేనా అనుకున్నాను. చేతిలోకి తీసుకున్నాక తెలిసింది, నిండా పోసుంటే సగం నా చొక్కా మీదే ఉండేది. ఆయన నన్ను చూడనట్టు పక్కవాడికి నిండుగా పోశాడు.

ఒక్కసారికే నచ్చలేదని మానకండి. నాకూ మొదటి రెండుసార్లు విసుగే పుట్టింది. వచ్చేటప్పుడు ఇద్దరు ముగ్గురి ఫోన్ నంబర్లు తీసుకోండి. సాయంత్రం ఆరు దాటాక, కాళ్లు వైన్ షాపు వైపు లాగినప్పుడు పనికొచ్చేవి అవే. తాగాక కాదు, తాగకముందు చెయ్యాలి. మధ్యలో జారితే మళ్లీ వెళ్లండి, గెంటెయ్యరు. నేను ఐదో నెలలో జారాను. కుర్చీ చూపించారు, టీ ఇచ్చారు.

ఇంటివాళ్లకు అల్-అనాన్ అని విడిగా ఉంది, కానీ మన వైపు అరుదు. అందుకే మా ఆవిడను ఒక ఓపెన్ మీటింగుకు తీసుకెళ్లాను. వెనక కుర్చీలో కొంగు బిగించుకుని కూర్చుంది. తిరిగి బస్సెక్కాక కోవూరు దాటేదాకా నోరు విప్పలేదు. తర్వాత మెల్లగా అడిగింది, "ఆ ఇస్త్రీ చొక్కా ఆయన కూడా తాగేవాడేనా?"