కరిగిన లోహంలో అల్ట్రాసౌండ్, 3వ పాఠం: హార్న్ ముంచడం

కిందటి పాఠంలో జనరేటర్ (విద్యుత్ సంకేతం ఇచ్చేది), ట్రాన్స్‌డ్యూసర్ (దాన్ని చెవికి వినబడని కంపనంగా మార్చేది) బిగించాం. ఇవాళ హార్న్, అంటే ఆ కంపనాన్ని మోసుకెళ్లే కడ్డీ, కరిగిన లోహంలోకి దిగుతుంది. చాలామందికి పని చెడేది ఇక్కడే.

చల్లటి హార్న్‌ని 700 డిగ్రీల అల్యూమినియంలో ముంచితే దాని చుట్టూ లోహం గడ్డకట్టి తొడుగులా అంటుకుంటుంది. మొదటిసారి నేనూ అలాగే ముంచాను. మీటర్‌లో పవర్ చూసి మురిసిపోయాను కానీ, పైకి తీస్తే చివర ఇంత ముద్ద! కంపనంలో చాలా భాగం ఆ ముద్దలోనే ఆగిపోయింది. అందుకే హార్న్‌ని ముందే బాగా వేడి చేయండి. దాంతో తడి కూడా పోతుంది. తడి పనిముట్టు కరిగిన లోహంలో పడితే నీరు ఒక్కసారిగా ఆవిరై లోహం పేలినట్టు చిందుతుంది, ఈ విషయంలో తొందర అసలు వద్దు.

ఇక పొడవు. టైటానియం కడ్డీలో ధ్వని సెకనుకు సుమారు 5000 మీటర్లు పోతుంది. 20 కిలోహెర్ట్జ్ దగ్గర తరంగం పొడవు 25 సెంటీమీటర్లు, తిన్నని హార్న్‌కి అందులో సగం, అంటే 12.5 కావాలి. వేడెక్కితే ధ్వని వేగం తగ్గుతుంది, హార్న్ సొంత ఫ్రీక్వెన్సీ కిందికి జారుతుంది. చల్లగా ఉన్నప్పుడు చేసిన ట్యూనింగ్ అప్పుడు పనికిరాదు, వేడి మీద మళ్లీ సరిచూడాలి. పైగా టైటానియం అల్యూమినియంలో మెల్లగా కరుగుతుంది. ఎక్కువసేపు నడపాలంటే నయోబియం మేలు.

లోపల జరిగేది కావిటేషన్. పీడనం పడిపోయిన క్షణంలో సన్నటి బుడగలు పుడతాయి, మరుక్షణం కూలిపోతాయి. లోహంలో కలిపిన సిరామిక్ పొడి ఉండకట్టినప్పుడు రేణువుల సందుల్లో గాలి చిక్కుకుని ఉంటుంది. బుడగ అక్కడే పుట్టి, కూలుతూ ఉండను విడగొడుతుంది, లోహం సందుల్లోకి దూరుతుంది.

కంపనం ఎప్పుడు ఇవ్వాలన్నదీ ముఖ్యమే. అల్యూమినియంలో సిలికాన్ 12.6 శాతం దాటిన మిశ్రమంలో స్ఫటికాలు సన్నగా రావాలంటే, లోహం చల్లారుతూ సిలికాన్ స్ఫటికాలు పుట్టడం మొదలయ్యేటప్పుడు కంపనం ఇవ్వండి. మిగిలిన లోహం గడ్డకట్టే 577 డిగ్రీలకు దగ్గరపడి లోహం చిక్కబడ్డాక ఇస్తే ధ్వని దూరం పోదు.

ఇంటిపని: బకెట్ నీళ్లలో అల్యూమినియం ఫాయిల్‌ని నిలబెట్టి, హార్న్ చివరకు దగ్గరగా కొద్దిసేపు నడపండి. తర్వాత మరో ముక్కను అయిదారు సెంటీమీటర్ల దూరంలో పెట్టి చూడండి. చిల్లులు ఎంత పలచబడ్డాయో రాసిపెట్టుకోండి. కరిగిన లోహాన్ని హార్న్ ముందుకు ఎలా తిప్పాలో వచ్చే పాఠంలో ఆ లెక్కతోనే మొదలుపెడతాం.