అంటార్కిటికా వెళ్తున్నారా? జెండా దాటకండి

నవంబరు నుంచి మార్చి దాకా అంటార్కిటికా సీజన్. అక్కడి మన పరిశోధన కేంద్రాలు మైత్రి, భారతి స్టేషన్లకు వెళ్ళే బృందాలు కేప్‌టౌన్ మీదుగా బయల్దేరతాయి. డబ్బు పెట్టి చూసొద్దామనుకునేవాళ్ళు అర్జెంటీనాలోని ఉషువాయాలో ఓడ ఎక్కుతారు. వీళ్ళలో మనవాళ్ళూ ఉంటున్నారు. ఎవరిని కదిపినా ఒకటే టెన్షన్, సముద్రం. కారణం లేకపోలేదు. 2022 నవంబరులో ఎలిఫెంట్ ద్వీపం దగ్గర రబ్బరు పడవ తిరగబడి ఇద్దరు చనిపోయారు. అదే నెలాఖరులో ఉషువాయా వైపు వస్తున్న ఇంకో ఓడ మీద పెద్ద అల విరుచుకుపడి, క్యాబిన్ల అద్దాలు పగిలి ఒక ప్రయాణికురాలు ప్రాణం కోల్పోయింది.

అలల సంగతి కెప్టెన్ చూసుకుంటాడు. లైఫ్‌జాకెట్, వాంతుల మాత్ర గురించి ఓడవాళ్ళే పదిసార్లు చెబుతారు. నేను చెప్పేది దిగిన తర్వాత సంగతి. నేను చూసినంతలో మనుషుల్ని ముంచేది ఒకటే తప్పు. దారి పొడవునా పాతిన జెండాల వరస దాటి, ఒక్క ఫొటో కోసం నాలుగడుగులు పక్కకి వేయడం.

అక్కడ నేల అని మనం అనుకునేది నేల కాదు. దాదాపు 1.4 కోట్ల చదరపు కిలోమీటర్ల ఖండంలో 98 శాతం మంచే, సగటున రెండు కిలోమీటర్ల మందం. ఆ మంచు ఊరికే పడి ఉండదు, మెల్లగా సముద్రం వైపు జారుతూ ఉంటుంది. అడుగున రాతి గుట్ట అడ్డొస్తే వంగుతుంది, వంగినచోట పగులుతుంది. పగులు పదుల మీటర్ల లోతు ఉండొచ్చు. గాలికి కొట్టుకొచ్చిన మంచు దాని నోటి మీద మూతలా పేరుకుంటుంది. పైనుంచి చూస్తే చుట్టూ ఉన్న తెలుపుకీ దానికీ తేడా తెలియదు.

1912 డిసెంబరు 14న ఆస్ట్రేలియా అన్వేషకుడు డగ్లస్ మాసన్ ముగ్గురు మనుషుల బృందంలో జరిగింది ఇదే. స్కీల మీద, అంటే కాళ్ళకి కట్టుకుని మంచు మీద జారే పొడవాటి పలకల మీద, మెర్ట్జ్ ముందు దాటాడు. కుక్కలు లాగే మంచుబండి, స్లెడ్జి మీద కూర్చున్న మాసన్ దాటాడు. వెనక స్లెడ్జి పక్కన కాలినడకన వస్తున్న నిన్నిస్ ఉన్నట్టుండి మాయమయ్యాడు. అతనితోపాటు ఆరు కుక్కలు, గుడారం, తిండిలో చాలాభాగం లోపలికి పోయాయి. స్కీలు, స్లెడ్జి బరువుని పరుస్తాయి. బూటు మొత్తం బరువుని ఒకేచోట దింపుతుంది. అందుకే ముందు వాళ్ళు వెళ్ళారు కదా అని జెండా దాటకండి. అడుగుజాడలు కనిపిస్తున్నాయి కదా అనీ దాటకండి. అమెరికా వాళ్ళ స్టేషన్ల దగ్గర ఎరుపు, ఆకుపచ్చ జెండాలంటే దారి, నల్లజెండా అంటే ప్రమాదం. మీరు దిగినచోట ఏ రంగుకి ఏ అర్థమో మొదటిరోజే అడగండి.

ఆ జెండాల గీత చట్టానిది కూడా. ఏడు దేశాలు ఈ ఖండంలో ముక్కలు మావేనన్నాయి. 1959లో 12 దేశాలు సంతకం పెట్టిన ఒప్పందం ఆ పేచీలన్నిటినీ ఎక్కడివక్కడ ఆపేసింది. 1983లో మన దేశమూ చేరింది. పోలీసు ఉండడు, వీసా కౌంటరు ఉండదు. దాంతో కొందరికి ఎవరిదీ కాని చోటు, అడిగేవాడెవడు అనే ధీమా వస్తుంది. అడుగుతారు. మైత్రికి దగ్గర్లోని దక్షిణ గంగోత్రి హిమానీనదం 163వ నంబరు రక్షిత ప్రాంతం, దాన్ని ప్రతిపాదించింది మనమే. భారతి ఉన్న లార్సెమన్ హిల్స్‌లో స్టోర్నెస్ 174వది. పర్మిట్ లేకుండా అక్కడ కాలు పెట్టకూడదు. 2022లో మన పార్లమెంటు చేసిన చట్టం ప్రకారం, అక్కడ లేని మొక్కనో జంతువునో పర్మిట్ లేకుండా తీసుకెళ్తే ఏడేళ్ళ దాకా జైలు, 10 లక్షల నుంచి 50 లక్షల దాకా జరిమానా. కాబట్టి జేబుల మూలలు, వెల్‌క్రో పట్టీలు, సాక్సులు బయల్దేరే ముందే దులపండి. గడ్డిగింజ ఒక్కటి చాలు.

ఇప్పుడు బర్డ్ ఫ్లూ కూడా తోడైంది. 2024 ఫిబ్రవరిలో ప్రధాన భూభాగంలోని స్కువా పక్షుల్లో దాన్ని నిర్ధారించారు. ఫొటో కోసం మోకాళ్ళ మీద కూర్చోకండి, పడుకోకండి, బ్యాగు కింద పెట్టకండి. బూట్లు మందునీళ్ళలో ముంచకుండా దిగకండి, ఎక్కకండి.

పెంగ్విన్‌కి ఐదు మీటర్లు, ఫర్ సీల్‌కి పదిహేను మీటర్లు దూరం. పెంగ్వినే మీ దగ్గరికొస్తే కదలకుండా నిలబడండి.

రాయి తేకండి. ఈక తేకండి. ఎముక తేకండి. దేవుడి గూట్లో పెట్టుకుంటాం, ఒక్క గులకరాయే అంటారు మనవాళ్ళు. అడెలీ పెంగ్విన్ గూడు కట్టేది ఆ గులకరాళ్ళతోనే.

ఆవకాయ సీసా ఓడలోనే ఉండాలి. ఒడ్డున తిండి వద్దు, కోడిమాంసం అసలే వద్దు.

సరదాకి డ్రోన్ ఎగరేయకండి.

నూలు బట్టలు ఒంటికి తగిలేలా వేసుకోకండి. చెమటకి తడిస్తే ఆరవు.

మబ్బు పట్టినా చలవ కళ్ళద్దాలు తీయకండి. కళ్ళమంట అప్పుడే తెలియదు, కొన్ని గంటలాగి మొదలవుతుంది.

దాహం వేయకపోయినా నీళ్ళు తాగండి.

స్టేషన్ బయటికి వెళ్తే ఎక్కడికో, ఎప్పుడొస్తారో రాసి వెళ్ళండి. ఒంటరిగా వద్దు. రేడియో లేకుండా వద్దు.

ఆకాశం, నేల ఒకే తెలుపై మీ నీడ కనిపించడం మానేసిందా, ఆగిపోండి. తర్వాతి జెండా కనిపించకపోతే వెతకబోకండి. ఉన్నచోటే ఉండి రేడియోలో చెప్పండి. జెండా దాటి వెతకబోయినవాడి కోసం ఇంకో నలుగురు జెండా దాటాల్సి వస్తుంది.

స్టేషన్లో నిప్పుతో ఆటలొద్దు. 2012లో బ్రెజిల్ స్టేషన్ కాలిపోయింది, ఇద్దరు పోయారు.

అత్యవసరంగా వెనక్కి తరలించే ఖర్చు ఇన్సూరెన్సులో ఉందో లేదో చదివి చూసుకోండి.

రోజూ వేసుకునే బీపీ, షుగర్ మాత్రలు లెక్కకు రెట్టింపు తీసుకెళ్ళండి, చేతిసంచిలోనే పెట్టుకోండి. వాతావరణం బాగోకపోతే తిరుగు విమానం రోజుల తరబడి రాదు.